ఉచిత న్యాయ సహాయం ఎవరికి?



పాలమూరు నుండి వచ్చిన కూలి స్త్రీకైనను, బాలాపూరులో తలదాచుకొనిన రోహింగ్యా స్త్రీకైనను ఉచిత న్యాయవాదిని కోరు హక్కు కలదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ‘వ్యక్తి’ అనుచున్నదే గాని, ‘పౌరుడు’ అనుట లేదు.

స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండ అర్హులు. వలస వచ్చిన ఇతరులకు ఆదాయ పరిమితి కలదు.

ఎక్కడికి వెళ్ళవలెను? ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల ఆవరణలో గల జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. చదువురానివారు నోటితో చెప్పిన చాలును, అక్కడివారే వ్రాసికొందురు. ఫోను 15100.

మీ వీధిలో కూలి అందని వలసకూలీ ఉన్నచో, జాలిమాటతో సరిపెట్టక, అక్కడి వరకు తోడు వెళ్ళండి.