మరువబడని పేరు

చదువవలసిన భాగము: లూకా 12:6-7

యుద్ధమున మరణించినవాని ఇంటివారు ఏడ్చి, సమాధిచేసి, కొంతకాలమునకు ఓదార్పు పొందుదురు. “కనబడుట లేదు” అను వార్త మాత్రమే వచ్చిన ఇంటివారు ఏమి చేయవలెను? వారు తృప్తిగా ఏడువనూ లేరు, ఎదురుచూచుట మాననూ లేరు. అట్టివారిని గూర్చి ఈ నెల ధ్యానింతము.

1965 సెప్టెంబరు 7న మన వైమానిక దళపు మిస్టీర్ విమానములు పాకిస్తానులోని సర్గోధా విమానస్థావరముపై దాడి చేసినవి. కొడగు ప్రాంతమువాడైన స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య ఆ దినమున అదనపు పైలటు మాత్రమే. ఒక విమానము తప్పుకొనగా ఆయన జట్టులో చేరి వెళ్లెను, తిరిగి రాలేదు. ఏమి జరిగెనో మనవారెవరును ఎరుగరు.

1979లో జాన్ ఫ్రికర్ అను ఆంగ్ల రచయిత, పాకిస్తానువారి కథనముల ఆధారముగా ఆ యుద్ధమును గూర్చి గ్రంథము ప్రచురించెను. అప్పుడు సంగతి బయలుపడెను. తన విమానముకంటె ఎంతో వేగముగల స్టార్‌ఫైటర్ తన్ను కొట్టినను, దేవయ్య దానితో పోరాడి కూల్చెను. దాని పైలటు పారాచూట్‌తో దిగి బ్రతికెను, దేవయ్య మరణించెను. 1988లో, అనగా 23 ఏండ్ల తరువాత, ఆయనకు మహావీర చక్రము ఇయ్యబడెను.

సాక్ష్యము ఎదుటి పక్షమునుండి వచ్చుట గమనించుడి. అది రాకమునుపు కూడ ఆయన చేసినది చేసినదే. చూచినవారు లేనందున కార్యము లేకపోలేదు.

అల్పమైన వెలకు అమ్మబడు పిచ్చుకలను గూర్చి మన ప్రభువు చెప్పినది చదివితిమి గదా. వాటికి ఏ ఆపదయు రాదని ఆయన అక్కడ చెప్పలేదు. దేవుని యెదుట వాటిలో ఒక్కటియు మరువబడదని చెప్పెను. మనుష్యుల పుస్తకములో “కనబడుట లేదు” అని వ్రాయబడినవాడు దేవునికి కనబడకపోలేదు.

కాబట్టి ఆచూకి తెలియని కుమారుని తల్లి మన సంఘములో ఉన్నయెడల, “ఇక మరచిపొమ్ము” అని ఆమెతో అనకుడి. “తప్పక వచ్చును” అనియు అనకుడి. అది మనకు తెలియదు. ఆదివారపు ప్రార్థనలో అతని పేరు పలుకుడి. పండుగనాడు ఆ గడప తొక్కుడి. కోతల కాలమున వారి చేనికి ఇద్దరు మనుష్యులు వెళ్లుడి.

ఇంటియొద్ద ఆలోచించుటకు: మన ఊరిలో ఎవరి పేరు పలుకుట మనము మానివేసితిమి?