పాత ఎంజీబీని ఇంటి గ్యారేజీలోనే విప్పి బిగించుకోవడానికి చిట్కాలు

ఇంగ్లండ్‌లో ఇంటి పక్కన చిన్న గ్యారేజీ ఉంటే చాలు వదినగారూ, పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారును మళ్లీ రోడ్డెక్కించవచ్చు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన కారిది. అందుకే రబ్బరు వాషరు దగ్గర్నుంచి మొత్తం బాడీ దాకా కొత్తవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. మావారూ నేనూ కలిసి చేసి చూసి, పనికొచ్చాయని తేల్చుకున్నవే ఇవన్నీ. బిగించేటప్పుడు పడే తిప్పలన్నీ విప్పేటప్పుడు బద్ధకించడం వల్ల వచ్చేవే, కాబట్టి విప్పే పని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

1. కారు కొనడానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్‌కి అంటించే పల్చటి అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. తలుపుల కిందుండే సిల్స్ మీద, చక్రాల పైన అది అంటుకోని చోట ఇనుము పోయి పుట్టీ మిగిలిందన్నమాట, ధర అక్కడికక్కడే తగ్గించి అడగండి.

2. కారును జాకీతో కొద్దిగా లేపి తలుపు తెరిచి చూడండి. తలుపు పట్టేస్తే సిల్స్ లోపల గుల్లయినట్టే. టాపు లేని కారుకి బలమంతా వాటిలోనే ఉంటుంది, ఆ వెల్డింగు ఖర్చు ఇంజిను ఖర్చును మించిపోవచ్చు.

3. పెట్రోలు ట్యాంకు అడుగు బాగుందని సంబరపడిపోకండి, దాని పైభాగం చూడండి. బాడీకి ట్యాంకుకి మధ్య తడి నిలిచి అక్కడే ముందు తుప్పు పడుతుంది.

4. ఏ వస్తువు విప్పినా ముందు ఫోనుతో మూడు వైపుల నుంచీ ఫోటో తీయండి, తర్వాతే స్పానర్ పట్టండి. ఏ పైపు ఏ వైరు వెనక నుంచి వెళ్లిందో ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

5. నట్లు, బోల్టులు ఫ్రీజర్‌లో వాడే జిప్ సంచుల్లో వేసి పైన పేరు రాయండి. లోపల కూడా పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి వేయండి, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ తగిలితే మార్కర్ రాత చెరిగిపోతుంది.

6. గుండ్రంగా వరసగా ఉండే బోల్టులకి అట్టముక్క మేలు. ఆ భాగం ఆకారం అట్టమీద గీసి, తీసిన బోల్టును తీసిన చోటే గుచ్చేయండి. పొట్టిదీ పొడుగుదీ తారుమారు కావు.

7. భాగం బయటికొచ్చాక వీలున్న ప్రతి బోల్టునూ దాని రంధ్రంలోనే రెండు చుట్లు తిప్పి ఉంచేయండి. వెతుకులాటే ఉండదు.

8. గేర్‌బాక్స్, కార్బ్యురేటర్ లాంటివి విప్పేటప్పుడు మఫిన్లు కాల్చే ట్రే దగ్గర పెట్టుకుని, వచ్చిన వరసలోనే ఒక్కో గుంటలో ఒక్కో ముక్క వేయండి. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి వస్తే సరి.

9. కొత్త భాగం బిగించి పనిచేసేదాకా పాతది చెత్తబుట్టలో వేయకండి. కొత్తదానికి రంధ్రం కాస్త అటూ ఇటూ ఉంటే కొలతకి పాతదే దిక్కు.

10. ఎంజీబీ బోల్టులు చాలావరకు అంగుళాల కొలతవి. 7/16, 1/2, 9/16 స్పానర్లు ముందు కొనండి. మిల్లీమీటర్ల స్పానర్ సుమారుగా పట్టిందని తిప్పితే మూలలు అరిగి బోల్టు మొరాయిస్తుంది.

11. మొండి నట్టుకి వారం ముందు నుంచీ రోజూ తుప్పు వదిలించే నూనె పెట్టండి. అప్పటికీ కదలకపోతే, దగ్గర్లో పెట్రోలూ రబ్బరూ లేని చోట, నట్టును వేడిచేసి కొవ్వొత్తి ఆనించండి. మైనం మరల్లోకి పాకి వదులవుతుంది.

12. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి ఎవ్వర్నీ వెళ్లనివ్వద్దు. యాక్సిల్ స్టాండ్లు ఒక జత కొనడానికి అస్సలు వెనకాడకండి.

13. పాత బ్రేకు లైనింగుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. నోటితోగానీ గాలి పంపుతోగానీ ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో మూటకట్టి పారేయండి.

14. వెల్డింగు చేసే చోటును బ్రేక్ క్లీనర్‌తో తుడవద్దు. కొన్నింటిలో క్లోరిన్ కలిసిన రసాయనం ఉంటుంది, వేడి తగిలితే ప్రాణాంతకమైన గాలి పుడుతుంది. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టడమే మంచిది.

బాడీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రంగు మీద మోజుతో దీన్ని తొందరగా ముగించేవాళ్లే ఎక్కువ.

15. సిల్ కోసేముందు తలుపు సందులో అడ్డంగా ఇనుప కమ్మీ బిగించండి. ఒక వైపు పూర్తిగా అతికాకే రెండో వైపు ముట్టుకోండి. రెండూ ఒకేసారి కోస్తే కారు మధ్యలో వంగుతుంది, ఆ తర్వాత ఏ తలుపూ సరిగ్గా పడదు.

16. పూర్తి వెల్డింగుకి ముందు అక్కడక్కడా టాకా వేసి, తలుపు తగిలించి మూసి చూడండి. ఒకే మందం అట్టముక్క తలుపు చుట్టూ సాఫీగా జరిగితే సందు సమంగా ఉన్నట్టు, అప్పుడు పూర్తిగా అతికించండి.

17. సిల్స్ కింద, తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. రంగు వేశాక పుల్లతో పొడిచి తెరవండి, లోపల మైనపు స్ప్రే కొట్టండి. చవకైన పనే, కానీ మళ్లీ తుప్పు రాకుండా ఏళ్ల తరబడి కాపాడుతుంది.

18. బాడీ మరీ శిథిలమైతే ముక్కలు అతికిస్తూ కూర్చోకండి. పాత అచ్చులతోనే కొత్త ఎంజీబీ బాడీలు 1988 నుంచి చేస్తున్న బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ ఉంది. ముందు వెల్డర్ చెప్పిన లెక్కతో ఆ ధరను పోల్చి చూసుకోండి.

19. తుప్పుపట్టిన చిన్న బ్రాకెట్లు, క్లిప్పులు తెల్ల వెనిగర్‌లో గానీ నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గానీ రాత్రంతా నానబెట్టండి. పొద్దున బ్రష్‌తో రుద్ది, వంట సోడా నీళ్లలో జాడించి, ఆరాక వెంటనే నూనె రాయండి. గీకే శ్రమ ఉండదు.

20. కానీ స్ప్రింగులనూ, స్టీరింగు, బ్రేకు, సస్పెన్షన్ బోల్టులనూ పులుపులో వేయకండి. గట్టి ఉక్కు పెళుసెక్కి నడుస్తుండగా విరగొచ్చు. వాటికి వైరు బ్రష్షే సరి.

21. క్రోమ్ బంపరు మీది తుప్పు చుక్కలకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి, నీళ్లలో ముంచి రుద్దండి. క్రోమ్ కన్నా అది మెత్తన కాబట్టి గీతలు పడవు.

22. ఇత్తడి యూనియన్లకి చింతపండు గుజ్జు పట్టించి కడగండి, దేవుడి సామాను తోమినట్టే మెరుస్తాయి. అల్యూమినియం భాగాలకి మాత్రం దాన్ని తగలనివ్వకండి.

23. ఎస్‌యూ కార్బ్యురేటర్లు రెండుంటాయి, వాటి గోపురాలకి పైపైనే మెరుగు పెట్టండి, లోపల రుద్దకండి. ఏ గోపురం ఏ పిస్టన్‌దో గుర్తుపెట్టండి, అవి జతకి జత సరిపోయేలా చేసినవి.

24. ఇంజిను, గేర్‌బాక్స్ కలిపే పైకి లేపండి. కారులో ఉండగా విడదీయడానికి పడే పాట్లూ, మళ్లీ కలపడానికి పట్టే సమయమూ మిగులుతాయి.

25. ముందు చక్రాల బేరింగు బయటి రింగును జిప్ సంచిలో పెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి, హబ్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టండి. చల్లబడిన రింగు ముడుచుకుని నాలుగు దెబ్బలకే కూర్చుంటుంది.

26. బ్రేకు పైపులు ఎలాగూ మార్చాలి కాబట్టి రాగి, నికెల్ కలిపినవి కొనండి. తుప్పు పట్టవు, చేత్తో వంచడమూ తేలికే.

27. బ్రేకు రబ్బర్లకి వ్యాజిలీన్‌గానీ వంట నూనెగానీ ఎప్పుడూ రాయకండి, ఉబ్బిపోతాయి. దానికంటూ ఎర్ర రబ్బరు గ్రీజు దొరుకుతుంది.

28. బ్రేక్ ఆయిల్ కొత్త రంగు మీద ఒక్క చుక్క పడినా రంగును తినేస్తుంది. పని చేసేటప్పుడు పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకోండి, పడగానే పోసి కడిగేయండి.

29. బ్రేకు గొట్టం విప్పేముందు ఆయిల్ డబ్బా మూత కింద క్లింగ్ ఫిల్మ్ పరిచి బిగించండి. గాలి లోపలికి పోదు, ఆయిల్ కారడం చాలా తగ్గుతుంది.

30. వైర్ల రంగులు బట్టీపట్టండి, సగం రిపేర్లు మీరే చేసుకుంటారు. గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ తాళం తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, ఊదా ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుది, నలుపు ఎర్త్.

31. లైటు వెలగకపోతే కొత్త లైటు కొనకండి. ఎర్త్ వైరు బాడీకి బిగించే చోట రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించి, పైన వ్యాజిలీన్ రాయండి. చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా వెలుగుతుంది.

32. 1967 దాకా వచ్చిన కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైపే బాడీకి ఎర్త్ అవుతుంది. అది చూసుకోకుండా కొత్త రేడియో తగిలిస్తే కాలిపోతుంది.

33. 1974 దాకా సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉండేవి. వాటి బదులు ఒక వైపు పెట్టెలో పట్టే 12 వోల్టుల బ్యాటరీ ఒకటి వేస్తే ఖర్చు తగ్గుతుంది, రెండో పెట్టె పనిముట్లకి పనికొస్తుంది.

34. ప్లగ్గు వైర్లు తీసేముందు టేపు మీద అంకెలు వేసి అంటించండి. మంట వెళ్లే వరస 1-3-4-2, డిస్ట్రిబ్యూటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది.

35. పుల్లల చక్రాల్లో ట్యూబు పెట్టేముందు టాల్కం పౌడరు చల్లండి, ముడతపడదు, టైరుకి అతుక్కోదు. హబ్ పళ్లకి గ్రీజు రాసి, నడిమి నట్టును రాగి సుత్తితోనే కొట్టండి. ఇనుప సుత్తి క్రోమ్‌ను చెక్కేస్తుంది.

36. సీటు కవరు ఎక్కకపోతే ఫోమ్ మీద డ్రైక్లీనింగ్ వాళ్లిచ్చే పల్చటి ప్లాస్టిక్ సంచి కప్పి లాగండి, జారిపోతుంది. పాత కవరు కుట్లు విప్పి ఉంచుకుంటే కొత్తదానికి అదే కొలత.

37. కొత్త మడత టాపు ఎండకాసిన రోజునే వేయండి, ముందు కాసేపు ఎండలో పరిచి ఉంచండి. చలికాలంలో వేస్తే సాగదు, మూలల్లో ముడతలు నిలిచిపోతాయి.

38. జీటీ మోడల్ అయితే ముందు అద్దం రబ్బరు గాడిలో నైలాన్ తాడు చుట్టూ తిప్పి పెట్టండి. సబ్బునీళ్లు రాసి ఒకరు బయట నుంచి అద్దం నొక్కుతుంటే, ఇంకొకరు లోపల నుంచి తాడు లాగాలి, రబ్బరు పెదవి దానంతటదే ఎక్కుతుంది.

39. ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఇ10. అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. ఆ పెట్రోలుకి తట్టుకునే గొట్టాలు వేసి, వీలైనప్పుడు సూపర్ పెట్రోలు పోయించండి.

40. తాళం తిప్పగానే వెనక పంపు టకటకమని కొట్టి నెమ్మదించాలి. ఆగకుండా కొడుతూనే ఉంటే పెట్రోలు అందట్లేదు, లేదా ఎక్కడో కారుతోంది. ఇంజిను స్టార్ట్ చేయకుండా ముందు అది వెతకండి.

41. కొత్తగా కట్టిన ఇంజినుకి ప్లగ్గులు తీసేసి స్టార్టర్‌తో తిప్పండి. ఆయిల్ గేజి ముల్లు పైకి లేచాకే ప్లగ్గులు బిగించండి, బేరింగులు ఎండిన ఇనుము మీద తిరగవు.

42. కొత్త క్యామ్ వేస్తే మొదటిసారి స్టార్ట్ కాగానే 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఓ 20 నిమిషాలు నడపండి. అప్పుడు ఐడిల్‌లో వదిలేస్తే క్యామ్ అరిగిపోతుంది.

43. రెండు కార్బ్యురేటర్లూ సమంగా పీలుస్తున్నాయో తెలియాలంటే రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, రెండోది ఒక్కో కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి వినండి. రెండు చోట్లా ఒకటే బుస్సుమనే చప్పుడు వస్తే సర్దుబాటు కుదిరినట్టే.

44. 40 ఏళ్లు దాటిన కారుకి చారిత్రక వాహనంగా దరఖాస్తు పెట్టుకుంటే రోడ్డు పన్ను ఉండదు. బాడీ, ఇంజినులో పెద్ద మార్పులు చేయకపోతే ఎంవోటీ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. అయినా తొలిసారి రోడ్డెక్కించే ముందు డబ్బు కట్టి చేయించండి. బ్రేకులనూ స్టీరింగునూ వేరే కళ్లు చూడటం అవసరం.

45. తొలి ప్రయాణం ఇంటి చుట్టుపక్కలే పెట్టుకుని, తిరిగొచ్చాక చక్రాలూ స్టీరింగు బోల్టులూ మళ్లీ బిగించండి. 500 మైళ్లకి ఇంజిను ఆయిల్ మార్చి, చల్లారిన ఇంజినుకి హెడ్డు నట్లు మాన్యువల్ చెప్పిన వరసలో టార్క్ రెంచితో సరిచూసి, తర్వాత వాల్వుల సందు కొలవండి.