దోజోలో అడుగిడు తెలుగువారికి

ఉద్యోగార్థమై జపాను దేశమునకు వచ్చి, టోక్యో నగరమందలి నిషికసాయి వంటి పేటలలో కాపురము పెట్టిన తెలుగువారికి, ఇల్లు కుదిరి, కందిపప్పు దొరకు దుకాణము తెలిసి, కచేరీకి పోవు రైలుమార్గము కంఠస్థమైన పిదప, సాయంకాలములు ఎట్లు గడుపుదుమా యను ప్రశ్న ఎదురగును. అప్పుడు జూడో, కరాటే, కెండో, ఐకిడో విద్యలలో నొకదానిని, అవి వర్ధిల్లిన దేశముననే అభ్యసింపవలెనను కోరిక కలుగుట సహజము. అట్టి కోరికతో దోజోలో, అనగా అభ్యాసశాలలో, అడుగిడువారికి దేహబలముకంటె ముందుగా కావలసినది అచ్చటి మర్యాదల యెరుక. ఆ మర్యాదలు పైకి వట్టి ఆచారములవలె తోచినను, వానిలో అధికభాగము, ఒకరినొకరు పడగొట్టుకొను మనుష్యులు గాయపడకుండ దినదినము కలిసి సాధన చేయుటకై ఏర్పడిన కట్టుబాట్లే.

దోజోను ఎన్నుకొనుటయందు కీర్తికంటె సామీప్యమునకే ప్రాధాన్యమీయవలెను. జూడో స్థాపకుడైన కానో జిగోరో 1882లో ఎయిషోజి యను బౌద్ధాలయమున 12 చాపలు పట్టు గదిలో ఆరంభించిన కోడోకాన్ నేడు బుంక్యో వార్డులో గొప్ప భవనమై, ప్రారంభకులకు సయితము తరగతులు నడుపుచున్నది. ఉయెషిబా మొరిహెయి నెలకొల్పిన ఐకిడో పరంపరకు ప్రధానస్థానమైన శాల షింజుకు వార్డులో నున్నది, అచ్చట ప్రాతఃకాలము 6.30 గంటలకే అభ్యాసము మొదలగును. ఇవి తప్పక చూడదగినవే. కాని పని ముగిసిన పిమ్మట గంటసేపు రైలులో నిలువబడి పోవలసిన చోటికి పోవు ఉత్సాహము నెల తిరుగునప్పటికి సన్నగిల్లును. వార్డు పాలకులు నడపు క్రీడాకేంద్రములలో స్థానిక జూడో, కెండో సంఘములు స్వల్ప రుసుముతో సాధన చేయుచుండును గనుక, మొదట ఇంటికి దగ్గరనున్న కేంద్రమునే విచారించుట మేలు.

చేరుటకు ముందు, జాబు వ్రాసియో ఫోను చేసియో అనుమతి పొంది, ఒకనాటి అభ్యాసమును గోడప్రక్క కూర్చుండి చూచుట అచ్చట పరిపాటి. చెప్పిన వేళకు పది నిమిషములు ముందే చేరి, ఫోను మ్రోగకుండ జేసి, కాళ్లు చాపక కూర్చుండి, రెండు సంగతులు కనిపెట్టవలెను. పడవేయువాడు తెల్లపట్టీ కట్టిన ప్రారంభకుని చొక్కాచేతిని విడువక పైకి లాగిపట్టి, వాని తల చాపకు తగులకుండ కాచుచున్నాడా యనునది మొదటిది. నొప్పియని చెప్పినవానిని గురువు కూర్చుండబెట్టుచున్నాడా, గద్దించుచున్నాడా యనునది రెండవది. ఈ రెండును తృప్తికరముగా నున్న పిదపనే ప్రవేశరుసుమును, నెలసరి రుసుమును, బీమాను గూర్చి అడుగవచ్చును. ప్రభుత్వ ఆరోగ్యబీమా యున్నను వైద్యవ్యయములో సాధారణముగా 30 శాతము రోగియే భరింపవలసి యుండును గనుక, దోజోల ద్వారా దొరకు క్రీడాబీమాను తీసికొనుట వివేకము; దాని సంవత్సరము ఏప్రిల్‌లో మొదలై మార్చి 31తో ముగియును. చిన్న దోజోలలో నెలసరి రుసుమును కవరులో నుంచి రెండు చేతులతో అందించుట మర్యాద.

ఇక దేహము సంగతి. కాలి గోళ్లు, చేతి గోళ్లు కత్తిరించుకొని, కాళ్లు కడుగుకొని, భోజనమైన రెండు గంటలకుగాని చాపమీదికి దిగరాదు. కడియములు, మెట్టెలు, జుంకాలు, మెడలోని గొలుసులు తీసి దాచవలెను. పట్టుకొని పెనుగులాడు విద్యలలో మంగళసూత్రము, నల్లపూసలు సైతము ఇరువురికిని ప్రమాదకరములు, తీయుటకు మనసొప్పనివారు ఆ సంగతి గురువుతో ముందే చెప్పి, పట్టులు లేని విద్యను ఎన్నుకొనుట ఉత్తమము. తలకు కొబ్బరినూనె రాచుకొని పోయినచో చాపకు మరకలగును, ఎదుటివాని పట్టు జారును. అభ్యాసవస్త్రమును ధరించునప్పుడు ఎడమ అంచు పైకి వచ్చునట్లు కప్పుకొనవలెను. కుడి అంచు పైకి వచ్చుట ఆ దేశమున శవమునకు చేయు అలంకారము. కెండో నేర్వగోరువారు కవచము కొనుటకు తొందరపడనక్కరలేదు, తొలినెలలు వెదురు కత్తితోనే గడచును. నాలుగు వెదురుబద్దలు కూర్చి తోలుతో బిగించిన ఆ కత్తిని ప్రతిసారియు దీపపు వెలుగులో త్రిప్పి, చీలిక లేచినదేమో వ్రేలితో తడిమి చూడవలెను. ఒక్క ఈనె ముసుగు కమ్మీల సందున దూరినను కన్ను పోవును. నేలమీదనున్న ఇతరుల కత్తిని దాటిపోవుట మహాపరాధముగా ఎంతురు.

ద్వారమువద్ద పాదరక్షలు విడిచి, వాని ముఖములు బయటివైపునకు త్రిప్పి యుంచి, లోనికి వంగి నమస్కరించి ప్రవేశింపవలెను. మట్టికి మ్రొక్కి దిగు మన సాముగరిడీల నెరిగినవారికి ఇది వింతగా తోపదు. కొన్ని దోజోలలో దేవతాపీఠమో, స్థాపకుని చిత్రమో ఎదుట నుండును. దానికి వందనము చేయుటకు మతరీత్యా సంకోచము గలవారు మొదటినాడే గురువుతో ఏకాంతముగా మాటాడుట మంచిది. మోకాళ్లపై కూర్చుండునప్పుడు ఎడమ మోకాలు ముందు, లేచునప్పుడు కుడిపాదము ముందు. మనకు బాసింపట్టు అలవాటేగాని ఈ ఆసనమున పది నిమిషములకే కాళ్లు తిమ్మిరెక్కును. ఇంటివద్ద రోజును కొంతసేపు అలవాటు చేసికొనుడు, మోకాళ్ల జబ్బున్నచో దాచకుడు. సాధన మొదట విన్నపముగా ఒనెగైషిమసు అనియు, ముగింపున కృతజ్ఞతగా అరిగతో గొజైమషిత అనియు జతవానితో చెప్పవలెను. ఆలస్యమైనచో అంచున కూర్చుండి గురువు పిలుచువరకు వేచియుండవలెను. చెప్పకుండ చాప దిగిపోవుట తగదు, తలతిరిగి పడిపోయెనేమో యని తక్కినవారు కలవరపడుదురు.

జూడో, ఐకిడోలలో తొలినెలలు పడుట నేర్చుటతోనే సరిపోవును. గడ్డము ఛాతీకి ఆనించి, నడుముపట్టీ ముడివైపు చూచుచు, చేతితో చాపను చరచుచు పడువానికి తల నేలకు తగులదు. పట్టు బిగిసినప్పుడు ఎదుటివాని దేహమును రెండుసార్లు తట్టినంతనే అతడు విడుచును. అభిమానముచేత ఆ తట్టుటను ఆలస్యము చేసినవాడే భుజము పోగొట్టుకొనును. ప్రతి కదలికకును కారణమడుగుట చదువుకొన్న మనవారికి స్వభావము. ఆ ప్రశ్నలను తరగతి ముగియువరకు ఆపుకొనుడు, జతవానికి బోధింపబోకుడు.

అభ్యాసానంతరము నేల తుడుచుటలో అందరితోపాటు పాలుగొనుడు. అప్పుడప్పుడు జరుగు విందులలో శాకాహారులు తమ నియమమును ముందుగనే తెలుపవలెను, ఏలయన కూరగాయల పులుసులోను చేపరసము కలియుట అచ్చట సామాన్యము. జనవరిలో నూతన సంవత్సరపు సాధన పిమ్మట అనేక దోజోలలో పెట్టు ఎర్రచిక్కుళ్ల తీపి పాయసమును, అందలి బియ్యపుముద్దలను వారు నిశ్చింతగా భుజింపవచ్చును.

తెల్లపట్టీ ఎప్పుడు మారునని మొదటి సంవత్సరమున అడుగకుడు. వారమునకు రెండు దినములు, మూడు నెలలు తప్పక పోయి చూచి, అటుపిమ్మట ఆ విద్య మీకు తగినదో కాదో నిశ్చయించుకొనుడు. మానదలచినచో గురువుతో ముఖాముఖి చెప్పి, కృతజ్ఞత తెలిపి మానుడు, మీ తరువాత ఆ ద్వారమునకు వచ్చు తెలుగువానికి అది మేలు చేయును.