అద్దాల బట్ట: ఒక యాడి లెక్కలు

ఇల్లందు నుంచి కొత్తగూడెం పోయే దారిలో, అడవి అంచున తండా మాది. లంబాడీ బట్ట కుట్టడం చిన్నతనంలోనే మా యాడి, అంటే అమ్మ, పక్కన కూర్చుని నేర్చాను. ఇప్పుడు తండా పిల్లలంతా నన్నే యాడి అంటున్నారు. పెళ్ళి కుదిరిన ఆడపిల్లలు, కాలేజీ పిల్లలు, హైదరాబాదు నుంచి కారేసుకుని వచ్చేవాళ్ళు, ఎవరు వచ్చినా అడిగేవి రెండే మాటలు: ఎంతవుతుంది, కట్టుకుంటే వీలుగా ఉంటుందా? ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొస్తోంది. అందుకని మనవరాలితో రాయిస్తున్నాను. ఇందులో కుట్టేవాళ్ళకు కొన్ని, కట్టేవాళ్ళకు కొన్ని.

1. పొద్దు లెక్కన ధర చెప్పు

కాంచళి అంటే మా రవిక. ముందంతా అద్దాలు, గవ్వలు, రంగుదారాల పని. వీపు తెరిచి ఉంటుంది, తాళ్ళతో ముడేసుకుంటాం. గుడ్డ పెద్దగా పట్టదు. దారం, అద్దాలు, గవ్వలు అన్నీ కలిపినా పధ్నాలుగు వందల్లో సామాను తేలిపోతుంది. చూసేవాళ్ళు ఆ లెక్కే మనసులో వేసుకుని "ఈ కాస్త జాకెట్టుకు అంతా?" అంటారు.

అసలు లెక్క ఇదీ. ఉపాధి హామీ పనికి 2025-26లో తెలంగాణలో రోజుకూలి 307 రూపాయలు. నిండా పని ఉన్న కాంచళి ఒకటి, వంటా వార్పూ లేకుండా, పొలం పోకుండా, పొద్దస్తమానం కూర్చుంటే ఇరవై రోజులు పట్టిందనుకో. మట్టి మోసే కూలి కట్టినా 6,140. సామాను కలిస్తే ఏడున్నర వేలు. అందులో నా కంటిచూపుకు గానీ, కుట్టు ముగ్గు నా బుర్రలో ఉన్నందుకు గానీ ఒక్క పైసా వేసుకోలేదు. ఇంక పేటియా, అంటే కుచ్చుల పావడా, మీటర్ల కొద్దీ గుడ్డ, అంచు పొడవునా పని. తల మీద వేసుకునే టుక్రి వేరే. మొత్తం జత ఎంతో చెప్పాక వచ్చినవాళ్ళు కాసేపు మాట్లాడరు. నేనూ మాట్లాడను. లెక్క వేసుకోనివ్వాలి కదా.

కుట్టే పిల్లలకు చెప్పేది ఒకటే. అదే కాంచళిని నాలుగు వేలకు ఒప్పుకున్నావంటే, సామాను పోగా రోజుకు నూటముప్ఫై రూపాయల కూలికి ఒప్పుకున్నట్టు. ఆ మాట పొలంలో ఎవరైనా అంటే ఊరుకుంటావా?

2. మిరపకోతల్లో ఆర్డరు పట్టకు

సంక్రాంతి దాటిందంటే ఖమ్మం మార్కెట్‌కు మిర్చి బస్తాలు కదులుతాయి. మార్చి దాకా తండాలో ఆడమనిషి చెయ్యి ఖాళీ ఉండదు. కోతకూలి సూదికూలి కంటే ఎక్కువ, పైగా వెంటనే చేతికొస్తుంది. వేళ్ళు మండుతుంటే అద్దం అంచు మీద పట్టు చిక్కదు కూడా. దసరా నుంచి పత్తి తీతలు. కాబట్టి మా సూదికి తీరిక ఏప్రిల్, మే నెలల్లో, వేపచెట్టు నీడ పట్టున. శ్రావణంలో తీజ్ పండక్కి కావాలంటే ఉగాదికే చెప్పుకోవాలి. పండగ పదిహేను రోజులుందనగా వచ్చి "ఎంతైనా ఇస్తాం యాడీ" అంటే రోజుకు గంటలేం పెరగవు.

3. ముందు పనిబట్ట, తర్వాతే పండగబట్ట

ఇప్పటి పిల్లలు మా బట్టను స్టేజీ మీదే చూశారు. అందుకే ఇది కట్టుకుని పనేం చేస్తారని అడుగుతారు. మా పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు. రైళ్ళు వచ్చి ఆ బేరం పోయింది. ఇల్లందు బొగ్గు కోసం డోర్నకల్ నుంచి పట్టాలు వేశారు చూడండి, అలాంటి పట్టాలే. బేరం పోయాక అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు, చెరువుకట్టలకు మట్టి మోశారు, రోడ్లకు కంకర కొట్టారు. అవన్నీ ఈ బట్టతోనే.

పేటియా కుచ్చుల్లో అంగ వేస్తే కాలికి అడ్డం పడదు. గొంతుక్కూర్చున్నా ఒళ్ళు కప్పే ఉంటుంది. కాంచళికి వీపు లేకపోవడం సొగసు కోసం అనుకుంటారు. కొంత సొగసే, కాదనను. కానీ తాళ్ళతో కట్టే బట్ట ఒళ్ళు చేసినా, చిక్కినా, కడుపుతో ఉన్నా, పాలిచ్చే రోజుల్లోనూ అదే సరిపోతుంది. జాకెట్టుకైతే కుట్లు విప్పి మళ్ళీ వేయించాలి. టుక్రి అంచున కుట్టిన నాణేల బిళ్ళలు బరువుగా ఉండటంతో గాలికి తలమీది గుడ్డ ఎగరదు. రెండు చేతుల్లో బరువున్నప్పుడు అదెంత మేలో మోసినవాళ్ళకే తెలుసు.

అన్నిటికంటే తెలివైనది ముక్కల పద్ధతి. మా బట్ట ఒకే గుడ్డలో కోసింది కాదు. రొమ్ము ముక్క వేరు, భుజం ముక్క వేరు, నడుము పట్టీ వేరు. చంక దగ్గర చెమటకు గుడ్డ చీకినా అద్దాల ముక్క గట్టిగానే ఉంటుంది. దాన్ని ఊడదీసి కొత్త గుడ్డకు ఎక్కిస్తాం. మా యాడి కాంచళి ముక్కలు రెండు ఇప్పటికీ నా కాంచళిలో ఉన్నాయి. ఖరీదు లెక్క వేసేటప్పుడు ఈ సంగతీ వేయాలి. గుడ్డ ఆయుష్షు వేరు, పని ఆయుష్షు వేరు.

4. అద్దాన్ని తిప్పి చూడు

అసలైన కుట్టులో అద్దానికి చిల్లు ఉండదు, జిగురు ఉండదు. అద్దాన్ని బొటనవేలితో గుడ్డకు అదిమి పట్టి, దాని మీదుగా నిలువు రెండు, అడ్డం రెండు దారాలు లాగుతాం. నడుమ చిన్న చదరం పడుతుంది. తర్వాత సూదిని ఆ దారాల కిందికి దూర్చి బయటికి లాగడం, అంచున గుడ్డను ఒక్క కాటు పట్టడం, మళ్ళీ దారం కిందికి. అలా చుట్టూ తిరిగేసరికి చదరం నాలుగు వైపులా సాగి గుండ్రటి కిటికీ అవుతుంది. దారం బిగువు ఎక్కువైతే అద్దం పక్కకు జారుతుంది, తక్కువైతే రాలుతుంది. ఎంత బిగువో నోటితో చెప్పలేను. వేలికి తెలియాల్సిందే.

కొనేవాళ్ళు బట్టను వెనక్కి తిప్పి చూడండి. చేతికుట్టుకు వెనక అద్దం చుట్టూ చిన్న చిన్న కాట్లు వరసగా, కాస్త వంకరటింకరగా కనబడతాయి. జిగురుతో అంటించిన దానికి వెనక ఏమీ ఉండదు. నాలుగు ఉతుకులకు ముందూ ఏమీ ఉండదు.

ఇక నాణేల బిళ్ళల సంగతి. మా బట్టల మీద పావలాలు, పది పైసలు, ఇరవై పైసలు కుట్టినవి చాలా ఉన్నాయి. 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకంటే చిన్న నాణేలు చెల్లవన్నారు. బజారులో చెల్లకపోతే మాకేం, టుక్రి మీద నిక్షేపంగా చెల్లుతున్నాయి! చేతుల నిండా వేసుకునే బలియా గాజులు ఒకప్పుడు దంతంతో చేసేవాళ్ళు. ఇప్పుడు అంతా ప్లాస్టిక్కే. ఏనుగు బతకాలి కాబట్టి అది మంచిదే. ఎండాకాలం చెమటకు దద్దురు వస్తుంది, అంతే.

5. పూర్తి జత అందరికీ అక్కర్లేదు

మాకున్న పనులు మారాయి, ఇది ఒప్పుకోవాలి. పేటియా కుచ్చులతో స్కూటీ వెనక కూర్చోవద్దు, చక్రంలో పడుతుంది. బస్సు సీటుకు ఆనుకుంటే బిళ్ళలు గుచ్చుకుంటాయి. మే నెలలో కొత్తగూడెంలో 44, 45 డిగ్రీలు మామూలే. నగలతో సహా నిండు జత కట్టుకుని పెళ్ళిపందిట్లో నాలుగు గంటలు నిలబడటం చిన్న పని కాదు. ఒక్కరోజు తీజ్‌కో, కాలేజీ వార్షికోత్సవానికో అయితే తండాలో ఎవరిదైనా అడిగి కట్టుకోండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. చిన్నతనమేం లేదు.

రోజూ తొడుక్కోవాలని ఉంటే ఒక్క ముక్క చాలు. కుర్తీ మెడ చుట్టూ పట్టీ, లేదా చేతుల అంచు. ఒక మాట మాత్రం పట్టుకోండి. ఆ పట్టీని కుర్తీ మీదే కుట్టించవద్దు. పాత నూలుచీర గుడ్డ అస్తరుగా వేసి దాని మీద విడిగా కుట్టించి, చేత్తో పైపై కుట్లు వేసి కుర్తీకి తగిలించండి. కుర్తీ రంగు వెలిశాక పట్టీని ఊడదీసి ఇంకోదానికి. రెండు వేల పట్టీ నాలుగు కుర్తీలకు వస్తే ఒక్కోదానికి అయిదు వందలే పడుతుంది. మా పెద్దల ముక్కల పద్ధతే ఇది, కొత్తదేం కాదు.

కర్ణాటకలో బళ్ళారి దగ్గర సండూరులో మావాళ్ళు ఈ దారే పట్టారు. అక్కడి లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు నాలుగు వందల యాభై మందికి పైగా ఆడవాళ్ళు కుట్టిన 1,755 వస్తువులు ఒక్కచోట పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగిలో అయితే కుట్టు తెలిసిన పెద్దామెలు ఇద్దరే మిగిలారట. ట్రైబల్ హెల్త్ ఇనిషియేటివ్ అనే ఆసుపత్రివాళ్ళు పూనుకుంటే వాళ్ళిద్దరి దగ్గర మిగతావాళ్ళు నేర్చుకుని, పోర్‌గాయ్ పేరుతో సంచులు, కుర్తీలు, దిండు గలీబులు అమ్ముతున్నారు. రెండు చోట్లా నిండు జతనే నమ్ముకోలేదు. మన వైపు మాత్రం వాళ్ళలా కలవకుండా ఎవరి గడపలో వాళ్ళం కుట్టుకుంటున్నాం. అందుకే బేరగాడు ఒక్కో గడపకు ఒక్కో ధర చెప్పగలుగుతున్నాడు.

6. ఉతుకు

మొదటిసారి ఉతికే ముందు తెల్లగుడ్డ తడిపి ఎర్రదారం మీద అద్దండి. రంగు అంటితే విడిగా ఉతకాలి. మిషన్లో వేయొద్దు, పిండొద్దు, బండకేసి బాదొద్దు. కుంకుడు నురగలో ముంచి తీసి, నీడన పరిచి ఆరేయండి. తీగ మీద వేలాడదీస్తే బరువుకు గుడ్డ సాగుతుంది. ఇత్తడి మువ్వలు చిలుమెక్కకుండా పొడిగుడ్డతో తుడిచి, పాత నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు.

7. మిషన్‌ను తిట్టకు, పేరు మాత్రం సరిగా చెప్పు

సూరత్ గుడ్డ మీద మిషన్ ఎంబ్రాయిడరీ వేసి, ప్లాస్టిక్ అద్దాలు అంటించిన బంజారా డ్రెస్సులు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. బడిలో డాన్సుకు ఆరేళ్ళ పిల్ల ఒక్క సాయంత్రం వేసుకోడానికి అదే సరి. తేలిక, చవక, పాపకు గుచ్చుకోదు. నా మనవరాలికి నేనే కొన్నాను. నా పేచీ దాన్ని చేతికుట్టని అమ్మేవాళ్ళతోనే. ఒకసారి పట్నంలో ఒక దుకాణంలో అలాంటి దాన్ని చేతిపని అని చీటీ కట్టి, మేం తండాలో చెప్పేదానికి రెండింతలకు అమ్మడం కళ్ళారా చూశాను. వెనక్కి తిప్పి చూపిస్తే ఆ అబ్బాయి, "అమ్మా, ఇవన్నీ ఎవరు చూస్తారు" అన్నాడు.

8. కొన్నిటికి ధర చెప్పకు

భద్రాచలం మన్యంలో కోయవాళ్ళు నాట్యానికి తలమీద పెట్టుకునే అడవిదున్న కొమ్ములు చూశారా? 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక దున్నను ముట్టడానికి లేదు. తాతల నాటి కొమ్ములే తరం నుంచి తరానికి వస్తున్నాయి. వాటిని ఎంతకిస్తారని అడిగే పెద్దమనుషులు ఉన్నారు. మా ఇళ్ళలోనూ జడలకు వేలాడే ఘూగ్రి, టోప్లి ఉంటాయి, పెళ్ళయిన ఆడదాని గుర్తులు. పాత వెండివి చూస్తే కొనేవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. తాకట్టు దాకా పోవాల్సిన రోజులు వస్తాయి, రావని చెప్పను. కానీ అడిగిన వెంటనే ఒక అంకె నోట్లోంచి జారనివ్వకు బిడ్డా. ఒకసారి అంకె పలికాక అది సామానైపోతుంది.

9. డబ్బు మాట ముందే

సగం ముందు తీసుకో. దారం, అద్దాలు ఆ డబ్బుతోనే కొను, అప్పు చేసి కాదు. దుకాణానికి ఇచ్చేటప్పుడు అమ్మాక ఇస్తామంటే వద్దను. అలా ఇచ్చిన సరుకు మాసి తిరిగొచ్చిన ఇళ్ళు మా తండాలోనే ఉన్నాయి.

కొనేవాళ్ళూ ఒకటి గమనించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన కుట్టుబట్టకు జీఎస్టీ 18 శాతం, ఆలోపు అయితే 5 శాతం. దుకాణంలో బిల్లు చూసి అంతా కుట్టినామెకే పోయిందనుకోకండి. పన్ను, దుకాణం అద్దె, మధ్యవాడి వాటా అన్నీ అందులోనే. తండాకు వచ్చి అడిగితే ఖరీదులో ఎంత ఎవరికో నేనే విడమరిచి చెబుతాను.

వచ్చేటప్పుడు సరిపోయే పాత జాకెట్టు ఒకటి కొలతకు తెచ్చుకోండి. ఫోనులో బొమ్మ చూపించి అచ్చం ఇలాగే కావాలంటే కుదరదు. రంగులు మీరు చెప్పండి, ముగ్గు నాకు వదిలేయండి. ఎర్రగుడ్డ ఉంది, గవ్వలు ఉన్నాయి. అసలైన గాజు అద్దాలు మాత్రం ఈమధ్య దొరకడం కష్టంగా ఉంది, ఎక్కడైనా కనబడితే వందా రెండొందలు పట్టుకురండి. లెక్కలో తగ్గించుకుంటాను.