127 డిగ్రీలు చూసి బెదరకండి

ప్రశ్న: ఇంట్లో డెస్క్‌టాప్ మీద పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. అరగంటకల్లా దానంతటదే ఆగిపోతోంది. హెచ్‌డబ్ల్యూమానిటర్ వేసి చూస్తే ఒకచోట 127 డిగ్రీలు, ప్రాసెసర్ దగ్గర 98. మదర్‌బోర్డు మార్చమంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 127ని వదిలేయండి. బోర్డు మీది సెన్సర్ చిప్‌లో దేనికీ కలపని కాళ్లు కొన్ని ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటినీ చదివేసి ఏదో ఒక అంకె వేస్తుంది. గుర్తుతో కలిపి 8 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 127. అందుకే తరచూ సరిగ్గా అదే కనిపిస్తుంది. బోర్డు నిజంగా అంత కాలితే ముందు మీ ముక్కుకే తెలిసేది.

చూడాల్సింది 98ని. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీల దగ్గరుంటుంది. అక్కడికి చేరగానే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి దిగకపోతే సిస్టమ్ ఆగిపోతుంది. ఆన్ చేసిన నిమిషానికే, ఏ పనీ లేకుండానే 70, 80 చూపిస్తే కూలర్ ప్రాసెసర్‌కి సరిగా ఆనడం లేదన్నమాట. ఇంటెల్ కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, ఒక్కటి పైకి లేచినా ఇదే తంతు. మెల్లగా ఎక్కుతుంటే దుమ్ము. ఫ్యాన్ పైకి శుభ్రంగానే ఉంటుంది, విప్పితే కింద రేకుల మధ్య బొంతలా పేరుకుని కనిపిస్తుంది. ప్లగ్గు తీసేసి, రెక్కని వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. కూలర్‌నే విప్పితే ఎండిన పేస్టు తుడిచి కొత్తది పెట్టాలి, బఠాణీ గింజంత చాలు. ఇంత చేశాకా ఆగిపోతుంటే పవర్ సప్లయ్‌ని అనుమానించండి. 12 వోల్టుల లైను 11.4 కంటే దిగకూడదు. అది సాఫ్ట్‌వేర్‌లో కాక మల్టీమీటర్‌తో చూడమనండి. మదర్‌బోర్డు బేరం ఆ తర్వాతే.

ప్రశ్న: క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మా హార్డ్‌డిస్క్‌కి పసుపు రంగు చూపిస్తోంది. సిస్టమ్ మాత్రం మామూలుగానే నడుస్తోంది. ఫార్మాట్ చేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పైవారి 127 కంటే నాకు మీ పసుపంటేనే భయం. సి5 అనే వరుస చూడండి. డిస్క్ చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క అది. అంకె చివర ‘ఎ’ అనే ఇంగ్లిష్ అక్షరం ఒక్కటే ఉంటే 10 అని అర్థం. పూర్తి ఫార్మాట్‌లో వాటి మీద మళ్లీ రాస్తుంది. రాత కుదిరితే లెక్క తగ్గుతుంది. కుదరకపోతే ఆ సెక్టార్లను కొట్టేసి రిజర్వులోవి వాడుకుంటుంది, అప్పుడు 05 వరుస పెరుగుతుంది. రంగు మళ్లీ నీలమైనా సరే, ఆ డిస్క్‌ని నమ్మి ఏదీ దాచకండి. ఈ రాత్రే కాపీ మొదలుపెట్టండి. ముందు ఫొటోలు, కాగితాల స్కాన్లు. విండోస్ ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఏదైనా ఫైలు దగ్గర కాపీ ఆగిపోతే దాన్ని వదిలి తర్వాతిదానికి వెళ్లండి. పట్టుబట్టి అదే ఫైలు లాగుతూ కూర్చుంటే మిగిలినవి తీసేలోపే డిస్క్ పోవచ్చు.