రక్షణ జీతమా, వరమా?

జీతము పనిచేసినవానికి రావలసిన సొమ్ము. వరము ఇచ్చువాని దయచేత కలుగునది. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో ఈ రెంటిని వేఱుపఱచి, రక్షణను రెండవదానిలోనే చేర్చెను. కష్టపడి మార్కులు సంపాదించుకొనుట కలవాటుపడిన మనకు ఈ సంగతి మనసున కెక్కుట సులభము కాదు.

జాన్ వెస్లీకిని సులభము కాలేదు. ఆయన అభిషేకము పొందిన గురువు. ఆక్స్‌ఫర్డులో వారమునకు రెండు దినము లుపవసించుచు, చెరసాలలోని వారిని దర్శించుచుండెను. 1735లో సువార్త ప్రకటింప జార్జియాకు ఓడ యెక్కెను. దారిలో తుపాను రాగా ఆయన ప్రాణభయముతో వణకెను. అదే ఓడలోని మొరేవియను క్రైస్తవులు స్త్రీలతోను పిల్లలతోను నెమ్మదిగా కీర్తనలు పాడుచుండిరి. ఇంత భక్తి చేసిన తనకు లేనిదేదో వారికి కలదని ఆయన గ్రహించెను.

1738 మే 24వ తేది సాయంకాలమున, లండనులోని ఆల్డర్స్‌గేటు వీధి కూటములో, ఆ రోమీయుల పత్రికకే లూథరు వ్రాసిన పీఠిక చదువబడుచుండగా, క్రీస్తు తన పాపములను తీసివేసెనను నిశ్చయము ఆయనకు కలిగెను. లోకుల పాపములని మునుపే బోధించియుండెను. ‘నా’ యను మాట ఆనాడు చేరెను.

క్రైస్తవ గృహములలో పుట్టి, వేదపాఠములు వల్లించిన మన బాలబాలికలు ఈ భేదమును గమనింతురుగాక. తండ్రి విశ్వాసము కొడుకు పేర వ్రాయించుటకు పొలము కాదు గదా!

వరమే యైనచో సత్క్రియలేల యని కొంద రడుగుదురు. వెస్లీ చెరసాలలకు పోవుట మానలేదు. 1746లో లండనునందు బీదలకు ఉచితముగా మందులిచ్చు శాలను సహా తెరచెను.