ముందు చక్రం పట్టేస్తోందా? షూ లూజు చేసే ముందు ఇవి చూడండి

స్వాతి కార్తె వెళ్లి విశాఖ వచ్చేసరికి పల్లెల్లో మాటంతా తేమ గురించే. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. పత్తిలో 8 శాతం దాటిన దగ్గర్నుంచి ధరలో కోత మొదలవుతుంది, 12 దాటితే సీసీఐ కేంద్రం నుంచి బండి వెనక్కి రావలసిందే. కళ్లంలో వడ్లు తిరగేయడం గురించి రైతుకు కొత్తగా చెప్పేదేమీ లేదు. అయితే ఆ బోరాలను, కూలీలను, మందు డబ్బాలను మోసే పాత జీపు బ్రేక్ ఆయిల్లో ఎంత తేమ చేరిందో మాత్రం ఎవరూ అడగరు. మృగశిర నుంచి బురదలో తిరిగిన బండి ఇది. కోతల రద్దీలో, బరువు మీద ఉండగా దాని ముందు చక్రం పట్టేస్తే పని ఆగడం ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. అందుకే ఈసారి సలహా పైరుకు కాదు, బండికి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా పాత మహీంద్రా ఫోర్ వీల్ జీపుల గురించి. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పుతో మొదలైన ఆ వరుసలో తర్వాత ఎన్ని పేర్లు మారినా ముందు యాక్సిల్ పద్ధతి చాలాకాలం దాదాపు అదే: నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, ముందు చక్రం వెనక గుండ్రటి డొప్పలో గ్రీజు, ఆ గ్రీజులో తిరిగే జాయింటు. సీజే అయినా, ఎంఎం 540 అయినా, ఫోర్ వీల్ కమాండర్ అయినా ఈ లెక్క వర్తిస్తుంది.

చక్రం పట్టేస్తున్న సంగతి ముందు కాలికి తెలుస్తుంది. ఖాళీ బండి కూడా యాక్సిలరేటర్ ఎక్కువ అడుగుతుంది. చిన్న వాలులో న్యూట్రల్ చేస్తే దొర్లవలసిన బండి దొర్లదు. బ్రేకు తొక్కకపోయినా స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగితే అది వేరే జబ్బు. అప్పుడు లాగిన వైపు బ్రేకు మంచిదై, రెండో వైపుది పనిచేయకపోయి ఉండవచ్చు. ఈ రెండింటినీ కలిపేసి బాగున్న చక్రాన్ని విప్పించుకునేవాళ్లు చాలామంది.

ఊళ్లో జరిగే వైద్యం సాధారణంగా ఒక్కటే. జాకీ ఎత్తి, పానాతో అడ్జస్టరు తిప్పి, షూ లూజు చేసి పంపేస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. తర్వాత పెడల్ లోతుకు దిగుతుంది, రెండో చక్రం ఒక్కటే పట్టి బండి అడ్డం తిరుగుతుంది, అసలు జబ్బు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. అడ్జస్టరు బిగువుగా ఉండి చక్రం పట్టేయడం నిజంగా జరిగేది కొత్త లైనర్లు వేయించిన వెంటనే. నెలల తరబడి బాగా నడిచిన బండిలో అడ్జస్టరు తనంతట తాను బిగుసుకోదు. లైనరు అరిగేకొద్దీ సందు పెరుగుతుంది గానీ తగ్గదు. కాబట్టి ఆ పానా పెట్టే ముందు పట్టు ఎక్కడుందో తేల్చుకోవాలి. కింద చెప్పిన పరీక్షల్లో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

మొదట వేడి చూడండి. బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నాలుగైదు కిలోమీటర్లు నడిపి, దానంతట అదే ఆగేలా వదిలి దిగండి. డ్రమ్ముకు అరచెయ్యి ఆనించకండి, కాలుతుంది. వేళ్లతో రెండు చుక్కల నీళ్లు చిలకరిస్తే చాలు, చుయ్యిమన్న వైపే జబ్బు. చెంబుడు నీళ్లు గుమ్మరిస్తే మాత్రం వేడెక్కిన పోత ఇనుప డ్రమ్ము పగలవచ్చు. వేడి ఎక్కడుందో కూడా గమనించాలి. డ్రమ్ము అంచు మండుతూ నడుమ హబ్ గోరువెచ్చగా ఉంటే బ్రేకు. హబ్ మండుతూ అంచు చల్లగా ఉంటే బేరింగు. రెండూ కాగిపోయి ఉంటే చాలాసేపటి నుంచి నడుస్తున్న వ్యవహారం, ఒకదాని వేడి రెండోదానికి పాకింది. నాలుగు చక్రాలూ వేడిగా ఉంటే ఒక్క చక్రాన్ని విప్పి లాభం లేదు, తప్పు మాస్టర్ సిలిండర్ దగ్గరో పెడల్ దగ్గరో ఉంది. పెడల్‌ను చేత్తో నొక్కితే బరువు తగలక ముందు అర అంగుళం ఖాళీ కదలిక ఉండాలి. అది లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి చిన్న రంధ్రం మూసుకుపోయి, వెనక్కి రావలసిన ఆయిల్ రాదు. ముందు రెండు చక్రాలే వేడెక్కి, వెనకవి చల్లగా ఉంటే ఛాసిస్ నుంచి ముందు యాక్సిల్‌కు దిగే రబ్బరు హోస్ పైపును అనుమానించండి.

తర్వాత లివరు. ఈ జీపుల్లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు ఎక్కితే, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తిరగనివ్వవు. షాఫ్టులు మెలికపడి బిగుసుకుంటాయి, లివరు ఇక వెనక్కి రాదు. డ్రైవరుకు అది అచ్చం బ్రేకు పట్టేసినట్టే ఉంటుంది. ముందు చక్రాలకు కొత్త టైర్లు, వెనక అరిగినవి ఉంటే తిన్నని రోడ్డు మీద కూడా ఇదే బాధ. విరుగుడు సులువు: పది గజాలు తిన్నగా వెనక్కి నడిపి లివరు లాగండి. లేదా ఒక చక్రం మట్టిలోకి దింపి లాగండి. బురదలోంచి బయటపడగానే లివరు టూ వీల్‌కు తెచ్చామనుకుని, అది సగంలో నిలిచిపోయిన బండ్లు వర్క్‌షాపులకు బ్రేకు కంప్లయింటుతోనే వస్తాయి. అలాంటి బండికి బ్రేకు లైనర్లు మార్చిన ఘనులూ ఉన్నారు.

ఇప్పుడు జాకీ. దుక్కి నేలలో, తడి ఆరని గట్టు మీద జాకీ పెట్టకండి. గట్టి నేల చూసుకుని, జాకీ కింద మందపాటి చెక్క వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల్లో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీద ఉంటుంది. దాన్నే నమ్ముకుని రాళ్లు మానకండి. ఎత్తిన యాక్సిల్ కింద దిమ్మలో స్టాండులో పెట్టాకే చెయ్యి లోపల పెట్టాలి.

లివరు టూ వీల్‌లో ఉందని చూసుకుని ముందు రెండు చక్రాలూ ఎత్తండి. ఫ్రీ వీల్ హబ్బులుంటే రెండింటినీ ఫ్రీకి తిప్పండి. అవి లేని బండిలో చక్రంతో పాటు లోపలి షాఫ్టు, డిఫరెన్షియల్ కూడా తిరుగుతాయి కాబట్టి కొంత బరువు సహజం. ఎంత సహజమో రెండో చక్రమే చెబుతుంది, దాంతో పోల్చుకోండి. తిప్పేటప్పుడు తొందరపడక చెవి పెట్టి వినాలి. చుట్టు పొడుగునా ఒకే రకంగా బరువుంటే షూ ఆని ఉంది, లేదా బేరింగు బిగువుగా ఉంది. చుట్టుకు ఒక్కచోట రాసుకుంటే డ్రమ్ము వంకర పోయింది. స్టీరింగు ఒక పక్కకు తిప్పి చూసినప్పుడు చుట్టుకు రెండుసార్లు పట్టి వదిలితే లోపలి జాయింటు క్రాసు బిగుసుకుంది. గరగరమంటే బేరింగు.

బేరింగు సంగతి తేల్చడానికి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడలాడితే ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ఊగడం ఆగితే తప్పు బేరింగుది, ఆగకపోతే కింగ్‌పిన్‌ది. అసలు ఊగనే ఊగక, తిప్పితే బరువుగా ఉంటే ఎవరో నట్టు అతిగా బిగించారు. ఇందులో రెండు నట్లు, మధ్య లాక్ వాషరు ఉంటాయి. లోపలి నట్టును చక్రం పట్టేదాకా బిగించి, అక్కడి నుంచి చుట్టులో ఆరో వంతు వెనక్కి వదలాలి, అవసరమైతే ఇంకాస్త. చక్రం తేలిగ్గా తిరగాలి, పక్కకు ఊగకూడదు. తర్వాత వాషరు మడిచి, బయటి నట్టు బిగించి, మళ్లీ తిప్పి చూడాలి. బయటి నట్టు బిగిస్తే లోపలిది కాస్త జరగడం మామూలే. ఈ చివరి తనిఖీ మానేయడం వల్లే కొత్త బేరింగులు నెలకే కాలిపోతుంటాయి.

నిపుల్ చెప్పే నిజం

వేడిని బట్టి బ్రేకు అని తేలితే అసలు పరీక్ష ఇక్కడ. పట్టు ఆయిల్ ఒత్తిడి వల్లా, షూల దగ్గర ఇనుము బిగుసుకోవడం వల్లా అన్నది చూడాలి. చక్రం పట్టేసి ఉన్నప్పుడే చేయాలి, చల్లారి వదిలేశాక చేస్తే ఏమీ తేలదు. బ్లీడింగ్ నిపుల్‌కు సన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి, కొస సీసాలో పెట్టి, నిపుల్‌ను పానాతో కొంచెం వదులు చేయండి. కళ్లకు దూరంగా ఉండండి, ఆ ఆయిల్ వేడిగా ఉంటుంది, రంగు కూడా తినేస్తుంది. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్లో గొట్టాల్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిపే వాల్వు మామూలుగానే ఉంటుంది కాబట్టి, రెండు చుక్కలు చిమ్మగానే దొరికిపోయిందని అనుకోవద్దు. చూడవలసింది ఆయిల్‌ను కాదు, చక్రాన్ని. నిపుల్ వదలగానే చక్రం తేలిగ్గా తిరిగిందా? అయితే ఒత్తిడి వెనక్కి పోలేక నిలిచిపోయింది. ఆయిల్ కారినా చక్రం కదలలేదా? అయితే జబ్బు డ్రమ్ము లోపలే ఉంది.

ఒత్తిడి నిలిచిపోతే ఎక్కడ నిలిచిందన్నది రెండో ప్రశ్న. నిపుల్ బిగించి, బ్రేకు ఒకసారి తొక్కి మళ్లీ పట్టించండి. ఈసారి చక్రం దగ్గరి హోస్ పైపుకు పైన, ఇనుప గొట్టం కలిసే చోట నట్టు వదులు చేయండి. అక్కడ వదిలితే చక్రం విడిపోయిందంటే అడ్డు ఇంకా పైనే, మాస్టర్ సిలిండర్ వైపు ఉంది. అక్కడ వదిలినా చక్రం విడవక, నిపుల్ వదిలితేనే విడిస్తే దొంగ ఆ హోసే. పాత రబ్బరు గొట్టం బయటికి నల్లగా నిగనిగలాడుతూ లోపల ఉబ్బి, పొరలు ఊడి ఉంటుంది. కాలితో తొక్కే బలానికి ఆయిల్ ముందుకు పోతుంది, స్ప్రింగు బలానికి వెనక్కి రాదు. పైకి చూసి ఎవరూ పట్టుకోలేరు, అందుకే పాపం వీల్ సిలిండర్లు మార్చేస్తుంటారు. ఇరవై ఏళ్లు దాటిన బండిలో ఒక హోసు ఇలా పోతే మిగతావీ మార్చడమే నయం. గట్టిదనం చూద్దామని హోసును పటకారుతో నొక్కకండి, బాగున్నదీ చెడుతుంది.

తప్పు డ్రమ్ము లోపలే అని తేలితే విప్పక తప్పదు. పాత లైనర్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. కంప్రెసర్‌తో గానీ నోటితో గానీ ఊదకండి, నీళ్లతో తడిపి తుడవండి. నల్లరేగడి బండ్లలో ముందుగా కనిపించేది ఎండి గట్టిపడిన మట్టి. అది షూలకూ వెనక పళ్లేనికీ మధ్య ఇటుకలా పేరుకుంటుంది. తర్వాత వీల్ సిలిండర్ రబ్బరు టోపీ. అది చిరిగితే బురద నీళ్లు లోపలికి పోయి పిస్టను తుప్పు పడుతుంది, ముందుకు వచ్చిన పిస్టను వెనక్కి పోదు. షూ స్ప్రింగులు వేడికి సాగిపోతాయి, కొత్తదాని పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. చాలామంది చూడనిది ఇంకొకటుంది: షూ అంచు ఆని జరిగే చోట వెనక పళ్లెం మీద గాడి పడి, షూ అందులో ఇరుక్కుంటుంది. అన్నీ కొత్తవి వేసినా చక్రం పట్టేస్తోందని తల పట్టుకునే బండ్లలో ఈ గాడిని వెతకండి.

ఇక వరి ప్రాంతపు బండ్లకు ప్రత్యేకం: హబ్ వెనక గడ్డి, నైలాను తాడు, యూరియా సంచి దారం చుట్టుకోవడం. అది ఆయిల్ సీలును కోసేస్తుంది, గ్రీజు డ్రమ్ములోకి దిగుతుంది, గ్రీజు పట్టిన లైనరు ఒకసారి జారి ఒకసారి పట్టేస్తుంది. అలాంటి లైనరును పెట్రోలుతో కడిగినా మంటలో కాల్చినా లాభం లేదు, మార్చాలి. డొప్పలోని గ్రీజు పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయని అర్థం, మొత్తం తీసి కొత్తది నింపండి.

వానల్లో వారాల తరబడి కదలని బండి మొదటిసారి తీసినప్పుడు టక్కుమని చక్రం వదలడం జబ్బు కాదు. తడి లైనరు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుని విడిపోయిన చప్పుడది.

ఆయిల్ దగ్గర పొదుపు వద్దు

నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టేసిన బండి వస్తే నేను మొదట అడిగే ప్రశ్న: మాస్టర్ సిలిండర్లో ఏం పోశారు? ఇంట్లో ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా ఉంటుంది, ఇంజన్ ఆయిల్ ఉంటుంది, అత్యవసరంలో ఏదో ఒకటి పోసేస్తారు. ఈ జీపుల బ్రేకు రబ్బర్లకు మినరల్ ఆయిల్ విషం. అవి ఉబ్బి మెత్తబడతాయి, మాస్టర్ సిలిండర్ రంధ్రం మూసుకుంటుంది, బండి నిలబడిపోతుంది. ఒకసారి పోశాక కడిగితే సరిపోదు. మాస్టర్ సిలిండర్, నాలుగు వీల్ సిలిండర్ల రబ్బర్లు, హోసులు అన్నీ మార్చవలసిందే. విప్పిన రబ్బరు భాగాలను డీజిలుతో, కిరసనాయిలుతో తుడిచినా ఇదే నష్టం.

సరైన ఆయిల్ కూడా పాతబడుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, 3.7 శాతం నీరు చేరాక 140 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. పట్టేసిన చక్రం ఈ వేడిని సులువుగా పుట్టిస్తుంది. అప్పుడు గొట్టంలో ఆవిరి చేరి పెడల్ నేలకు తగులుతుంది. ఇంకోవైపు అదే నీరు సిలిండర్లను లోపల తుప్పు పట్టిస్తుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చండి. నిపుల్ ఎలాగూ విప్పిన రోజే ఆ పనీ అయిపోతే రెండో కూలీ ఉండదు. సగం వాడి మూత వదిలేసిన పాత డబ్బా మాత్రం ముట్టుకోకండి, అది అటక మీదే తేమ పీల్చి ఉంటుంది.

ఫోర్ వీల్ ట్రాక్టర్లకు ఈ సలహా పూర్తిగా వర్తించదు. చాలా మోడళ్లలో ముందు చక్రాలకు బ్రేకులే ఉండవు. అక్కడ ముందు చక్రం బరువుగా తిరిగినా, హబ్ వేడెక్కినా హబ్ ఆయిల్ ప్లగ్గు విప్పి మట్టం చూడండి. ఆయిల్ తెల్లగా ఉంటే బురద నీళ్లు పోయాయి, సీలు మార్చి కొత్త ఆయిల్ పోయించాకే రబీ దుక్కికి దింపండి.